ఊరుమ్మడి అప్పు

మా ఊరి శివాలయపు ధ్వజస్తంభమునకు ఇత్తడి తొడుగు చేయింపవలెనని పెద్దలు నాలుగేండ్ల పంటలమీద కూడబెట్టిన సొమ్ము ధర్మకర్తగారి ఇనుపపెట్టెలో భద్రముగా ఉండగా, ఒక కార్తికమాసమున మూడు దినములు విడువక వీచిన గాలివానకు మా బడి పైకప్పు వాసములతోసహా లేచిపోయి, చెఱువుకట్టకు అవతల జొన్నచేలలో పడెను. బడి యనగా నాలుగు మట్టిగోడలు, తాటాకు కప్పు, ఒక నల్లబల్ల, వేపకొమ్మకు వ్రేలాడదీసిన రైలుపట్టా ముక్క, ఐదు తరగతులకును కలిపి ఒకే అయ్యవారు. ఏబదిమంది పిల్లలము ఆ నీడలో కూర్చుండి, ఒకటవ తరగతివారు ఇసుకలో దిద్దుచుండగా, ఐదవ తరగతివారు నదుల పేర్లు వల్లించుచుండగా, ఒకరి పాఠము మఱియొకరి చెవిని పడుచుండుటచే, ఏ తరగతి చదువును ఏ తరగతిలో నేర్చితిమో ఇప్పటికిని చెప్పజాలము.

కప్పు లేచిపోయిన నాలుగవనాటి రాత్రి రావిచెట్టు క్రింది రచ్చబండమీద సభ కూడినది. గుడిసొమ్ము తీసి బడికి కప్పు వేయవచ్చునా, కూడదా యనునదే ప్రశ్న. నేనప్పటికి నాలుగవ తరగతివాడను. మా తాతగారి ఉత్తరీయపు చెంగు పట్టుకొని ఆయన ప్రక్కనే కూర్చుంటిని. దేవద్రవ్యమును ముట్టినవాని వంశము నిలువదని ఒకరనిరి. కప్పు లేనియెడల పిల్లలు పశువులవెంట పోవుదురు, మరల బడికి రారని మఱియొకరనిరి. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1945లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర కళాశాలను నెలకొల్పిరి గదా యని అయ్యవారు మెల్లగా గుర్తుచేయగా, అది మహాక్షేత్రపు సంగతి, మన చిన్నగుడికి ఆ పోలిక చెల్లదని త్రోసివేసిరి. చాలసేపటికి అర్చకులు, అప్పటికే డెబ్బదియేండ్లు దాటినవారు, నోరు విప్పి, "దేవుడి సొమ్ము ఇచ్చేయడానికి నాకూ హక్కు లేదు, మీకూ లేదు. అప్పుగా అయితే తీసుకోండి. చిట్టాలో రాసి తీసుకోండి" అనిరి. అందఱకును ప్రాణము లేచివచ్చినట్లయినది. కాని కరణముగారు కలము చేతబట్టి, "ఎవరి పేర రాయమంటారు?" అని అడుగగానే సభ మరల మౌనము వహించినది.

అయ్యవారి పేర వ్రాయుదమన్న ఆయన పొరుగూరివాడు, బదిలీ అయినచో వెడలిపోవును. పిల్లల పేర వ్రాయుదమన్న వారు ఈడేరనివారు. బడి పేర వ్రాయుదమన్న కప్పు లేని గోడలకు పూచీ ఎవరు? అప్పుడు సభకు ఓరగా గొంగడి కప్పుకొని కూర్చున్న ఒక గొఱ్ఱెలకాపరి, తన బ్రతుకులో బడి గడప త్రొక్కి యెఱుగనివాడు, లేచి నిలిచి, "నా పేరు గూడా రాయండి సామీ. మబ్బు జూసి వాన జెప్పడం మా తాత నేర్పితే నేర్చుకున్నా. ఆయనకు నేనేమిచ్చా? ఆ బాకీ అట్టాగే ఉండిపోయింది" అనెను. కరణముగారు ఒక్క క్షణము ఆతనివంక చూచి, చిట్టాలో 'ఊరుమ్మడి అప్పు' అని పైన వ్రాసి, వ్రాయనేర్చినవారిచే చేవ్రాళ్ళు, నేరనివారిచే వ్రేలిముద్రలు వేయించిరి.

నేను చదివిన శాస్త్రగ్రంథములు స్వల్పములు. ఆ స్వల్పములోనైనను, ఋణమను మాటకు ఆ కాపరి చెప్పిన భాష్యముకంటె సూటియైనది నాకు కనబడలేదు. విద్య నేర్పుట దానమా, ఋణవిమోచనమా? ఒక ఊరు తన బడిని నిలుపుకొనుట పుణ్యకార్యమా, బాకీ చెల్లింపా? ఈ భేదము మాటలలోనిదేయని పైపైని చూచువారికి తోచవచ్చును గాని, బడిని గూర్చి మనము చేయు తప్పులలో పెక్కింటికి మూలము ఈ భేదమును గుర్తింపకపోవుటయే యని నేను నమ్ముచున్నాను.

విద్యాదానమను మాట మన నాలుకకు చిరకాలముగా అలవడినది. దానమునకు ధర్మశాస్త్రకారులు చెప్పు లక్షణము, తనదైన వస్తువుపై తన స్వత్వమును విడిచి పరునకు స్వత్వమును కలిగించుట. గోవును దానమిచ్చినవాని దొడ్డిలో ఆ గోవు ఉండదు. భూమిని ధారపోసినవాడు ఆ భూమి పంటను మరల ఇంటికి తెచ్చుకొనడు. మా అయ్యవారు మాకు గుణింతము నేర్పిన సాయంకాలము ఆయన గుణింతము రవ్వంతయు తగ్గలేదు. పైగా, నేర్పి నేర్పి మఱింత గట్టిపడినది. విడువబడిన స్వత్వమెక్కడ? అదియుగాక, ఆ గుణింతము ఆయన సొత్తు ఎన్నడైనది? కకారమునకు దీర్ఘమిచ్చినచో ధ్వని సాగునని మొట్టమొదట గుర్తుపెట్టినవాని పేరు ఎవరికిని తెలియదు. పదింటికి ఒకటి ప్రక్కన సున్న చుట్టినవాడు తన పేరు చెప్పుకొనకయే పోయినాడు. పూర్వులు అప్పగించినదానిని తరువాతివారికి చేర్చువానిని దాత యనుట తగదు.

దాతకు మఱియొక అధికారము కలదు. అతడు పాత్రాపాత్రములను విచారించును, దేశకాలములను చూచుకొనును, ఇచ్చినందుకు కీర్తిని, ఇయ్యకున్నచో లోభియను నిందను మాత్రమే పొందును. ఋణి యట్టివాడు కాడు. అప్పు తీసికొన్నవాడు ఇచ్చినవాని కులమును, గుణమును తూచి, నచ్చినచో చెల్లింతును, లేకున్న లేదని చెప్పుటకు వీలులేదు. ఎగవేసినవానిని లోకము లోభి యనదు. దానికి వేఱు మాటలు కలవు. విద్యను దానమనుకొన్న సమాజము తనకు నచ్చినవారికే ఇచ్చి తక్కినవారిని వాకిట నిలువబెట్టి, అట్లు నిలువబెట్టియు తాను ధర్మాత్మురాలనేయని భావింపగలదు. ఋణమనుకొన్న సమాజమునకు ఆ నెమ్మది దొరకదు.

తైత్తిరీయసంహితయందు బ్రాహ్మణుడు పుట్టుకతోనే మూడు ఋణములు కలవాడై పుట్టుననియు, ఋషుల ఋణము బ్రహ్మచర్యముచేతను, దేవతల ఋణము యజ్ఞముచేతను, పితరుల ఋణము సంతానముచేతను తీరుననియు చెప్పబడినది. శతపథబ్రాహ్మణము ఇంకను ముందునకు నడచినది. అది ఋణికి వర్ణమును చెప్పక, ఎవడు ఉన్నాడో వాడు పుట్టుకతోనే ఋణియన్నది. మూడింటికి తోడు మనుష్యఋణమును నాలుగవదానిగా చేర్చి, అది సాటి మనుష్యునకు నిలువనీడయు, అన్నమును ఇచ్చుటచే తీరునన్నది. భారతము ఆదిపర్వమున సంతానములేక పరితపించు పాండురాజు ఈ నాలుగు ఋణములనే లెక్కించుచు, మనుష్యఋణము ఆనృశంస్యముచే, అనగా క్రౌర్యము లేకుండుటచే, తీరునని చెప్పినాడు. ఈ ఆనృశంస్యమను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దానితో ముందు పని కలదు.

పుట్టుకతోనే ఋణమేమి, పసికందు ఎవరివద్ద ఏమి తీసికొన్నదని అడుగవచ్చును. కాని ఆ పసికందు అమ్మా యని పిలువబోవు మాట ఎవరిది? దానికి మొదటి ముద్దగా పెట్టబోవు వరియన్నమును, అడవిగడ్డినుండి ఏరి, విత్తి, మడికట్టి, దంచి, వండి తినవచ్చునని కనిపెట్టినవారెవరు? మంత్రద్రష్టలొక్కరే ఋషులని నేననుకొనను. చూడనిదానిని చూచి, చూచినదానిని తనతోనే పోనీయక ఇతరులకు చెప్పినవాడెల్ల ఋషియే. మబ్బును చూచి వానను చెప్పుట మనుమనికి నేర్పిన ఆ తాతయు ఋషియే. కాపరి తన ఋషిని ఎఱిగియుండెను. మనలో పలువురము ఎఱుగము.

ఇక ఈ బాకీని తీర్చుటలోని చిక్కేమనగా, అప్పిచ్చినవారు లేరు. పితరులకు తిలోదకములైనను విడుతుము. దేవతలకు హవిస్సు నర్పింతుము. కాని ఋషులకు మనమేమి తీసికొనిపోగలము? వారు కోరినది ఒక్కటియే: తాము కన్నది మఱుగున పడకుండుట. కావున ఈ అప్పు వెనుకకు చెల్లింపదగినది కాదు, ముందునకే చెల్లింపవలెను. గతించినవారికి పడిన బాకీని రాబోవువారికి చెల్లించుటయను ఈ విచిత్రమైన లెక్కను అంగీకరించినచో, తైత్తిరీయోపనిషత్తున చదువు ముగించి ఇల్లు చేరబోవు శిష్యునకు ఆచార్యుడు స్వాధ్యాయమును, ప్రవచనమును రెంటిని జంటగా ఏల విధించెనో బోధపడును. తాను చదువుకొనుట సగమే. చెప్పుట తక్కిన సగము.

అయితే చెప్పనేరనివాడేమి కావలెను? నాగలి పట్టినవాడు, సారె త్రిప్పువాడు, గొఱ్ఱెలు కాచువాడు ఋషిఋణమును ఏ మార్గమున తీర్చుకొనవలెను? పల్లెటూరి బడి యొక్క మహత్త్వము నాకిక్కడనే కనబడును. ఆ దినములలో మా బడికి కుమ్మరి ఏటేట మంచినీళ్ళ కుండను చేసియిచ్చును. వడ్రంగి చట్రము ఊడిన పలకలను బిగించియిచ్చును. తాటితోపు కలవారు వేసవి చివర కమ్మలు కొట్టింతురు. కప్పువేయు దినమున ఊరిలోని మగవారందఱును నిచ్చెనలు తెచ్చుకొని వత్తురు. ఆడవారు గోడలకు ఎఱ్ఱమట్టి పూసి, నేలను పేడతో అలుకుదురు. పంట కళ్ళములో ఉండగానే అయ్యవారికి కొలిచి పెట్టు మేర గింజలు వేఱుగా తీయుదురు. అక్షరమెఱిగిన అయ్యవారు అక్షరము చెప్పును. ఎఱుగనివారు ఆ అక్షరమునకు నీడయు, నీరును, కూడును అమర్తురు. అందఱి ఋణమును ఒక్కచోట ఒక్కమాఱుగా తీరుచుండును. చదువురానివానికి కూడ ఋషిఋణమును తీర్చుకొను అవకాశమునిచ్చు సంస్థ బడి తప్ప మఱియొకటి నాకు తెలియదు. ఊరిలో బడి లేకుండ జేసిన, పిల్లలు చదువును గోలుపోవుటతోపాటు పెద్దలు బాకీ తీర్చుకొను చోటును గోలుపోదురు.

ఆ కాలమున దసరా తొమ్మిది దినములును పిల్లలము నూనె రాచి దువ్విన తలలతో, రంగుకాగితములు అంటించిన వెదురు విల్లంబులు చేతబట్టి, అయ్యవారి వెంట ఇంటింటికి తిరిగి దసరా పద్యములు పాడుచుండెడివారము. తెలుగునాట అందఱును ఎఱిగిన ఆ పాట చివర అయ్యవారికి ఐదు వరహాలును, పిల్లవాండ్రకు పప్పుబెల్లములును చాలునని ముగియును. దీనిని బిచ్చమెత్తుటయని చిన్నచూపు చూచినవారిని నేనెఱుగుదును. అయ్యవారి పేదఱికమును ఊరంతయు ఊరేగించుటయని బాధపడినవారిని కూడ ఎఱుగుదును. వారి బాధలో న్యాయము కలదు. కాని ఆ పాటను సావధానముగా విన్నవారికి మఱియొక సంగతి తట్టును. ఆ పాట వాకిట చాలసేపు నిలువబెట్టుట తగదని ఇంటివారిని మందలించును. తక్కువ నాణెములను ఒక్కొక్కదానిని పేరుపెట్టి నిరాకరించును. భిక్షకుడు ఈ తీరున పాడునా? అది రావలసినదానిని అడుగువాని గొంతు. ఊరివారును దానిని మామూలు అనిరిగాని బిచ్చమనలేదు. మా ఇంటి అరుగుమీద మా నాయనమ్మ చేటలో పప్పులు, బెల్లము పోసికొని కూర్చుండి, పాట ముగియువఱకు లేవక విని, ప్రతి పిల్లవాని దోసిటిలోను తానే పోసెడిది. ఇచ్చునప్పుడు ఆమె ముఖమున దాతల దర్పము నేనెన్నడును చూడలేదు. ఇంటికి వచ్చిన బంధువునకు పెట్టునప్పటి తొందరయే చూచితిని.

ఇట్టి బడులు చిన్నవి. చిన్నవగుట నేడు వచ్చిన జబ్బు కాదు. 1822 జూన్ 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లాలన్నిటినుండి దేశీయపాఠశాలల లెక్కలు కోరగా, నేటి అనంతపురము కూడ చేరియుండిన నాటి బళ్ళారి జిల్లానుండి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు కనబడుచున్నారు. బడికి ఇంచుమించు పండ్రెండుగురు. ఇసుకలో వ్రేలితో దిద్దుట, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట, ఉదయమున అందఱికంటె ముందు వచ్చినవాని అరచేత సరస్వతి నామమును వ్రాయుట, రెండవవానికి సున్న చుట్టుట, మూడవవానినుండి బెత్తపు దెబ్బలు వరుసగా పెరుగుట – ఇవన్నియు అందు వర్ణింపబడినవి. మా తాతగారు దీనినే శ్రీ, చుక్క అని చెప్పెడివారు. ఆయన ఎన్నిమాఱులు శ్రీ పొందెనో ఎనుబదియవ యేట కూడ లెక్క చెప్పగలిగియుండెను. ఆ నివేదికలో నన్ను కలచివేసిన భాగము వేఱొకటి కలదు: పూర్వము బడులుండిన పెక్కు గ్రామములలో ఇప్పుడు లేవని, సీమ బట్టల రాకతో నేతగాండ్రు చెడి దేశము పేదదయ్యెనని, లేత చేతులు చిన్నపాటి పనికి పనికివచ్చిన తోడనే తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పింతురని ఆ దొర వ్రాసినాడు. బడిని తినునది అజ్ఞానముకంటె ముందు ఆకలియని రెండువందల యేండ్ల క్రిందటనే ఒక సర్కారు కాగితమున వ్రాసియున్నది.

అదే నివేదికలో ఇంకొక అంకె కలదు. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది. మన పాతబడిని తలచుకొని మురియువారము ఈ అంకె దగ్గర ఆగవలెను. కొందఱికి బడి గడప అందకుండుట అంతకంటె పాతది. గుంటూరు మండలమున మల్కాపురముననున్న శిలాశాసనము కాకతి రుద్రమదేవి కాలపుది, 1261 నాటిది. విశ్వేశ్వరశివాచార్యులకు లభించిన గ్రామముల ఆదాయముతో మఠము, విద్యాశాల, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రము నడచినట్లు అది చెప్పుచున్నది. అన్నసత్రమున బ్రాహ్మణుడు మొదలుకొని చండాలునివఱకు అందఱికిని ఎల్లవేళల అన్నము పెట్టవలెనని అందు విధి. ఎంత ఉదారమైన విధి! కాని ఆ ఔదార్యము విద్యాశాల గడపను దాటలేదు. అచట వేదములు, శాస్త్రములు, ఆగమములు చెప్పిన ఆచార్యులకు ఏర్పాటులు కలవుగాని, సత్రమున భుజించినవారందఱి బిడ్డలకు అక్షరము నేర్పు విధి లేదు. మనుష్యఋణమును అందఱిపట్ల గుర్తించిన మన పూర్వులు ఋషిఋణమును కొందఱిపట్లనే గుర్తించిరి. అన్నము పెట్టి అక్షరమును దాచుకొనుటకు శాస్త్రమున ఏమి సమర్థన చూపినను నా మనస్సు ఒప్పుకొనదు.

డాక్టరు అంబేద్కరు 1948 నవంబరు 4వ తేదీన రాజ్యాంగసభలో, మన గ్రామము సంకుచితత్వమునకును, అజ్ఞానమునకును, మతతత్వమునకును నెలవని చెప్పినప్పుడు పలువురు నొచ్చుకొనిరి. చిన్నతనమున బడిలో తనతో తెచ్చుకొన్న గోనెపట్టామీద వేఱుగా కూర్చుండి, దప్పికయైనప్పుడు మంచినీళ్ళను తనంత తాకుటకు నోచుకొనక పెరిగిన మహానుభావుడాయన. ఊరుమ్మడియను మాటను నేను పొగడునప్పుడెల్ల ఆ గోనెపట్టా నా కన్నులయెదుట పఱచుకొనును. ఊరికి బడితో నుండు బంధమే కొందఱి మెడకు ఉచ్చయినది. మా బడి సంగతి మాత్రమేమి? చిట్టాలో వ్రేలిముద్ర వేసిన కాపరికి ఇద్దఱు కొడుకులు, ఒక కూతురు. వారిలో ఒక్కరును బడిలో లేరు. కప్పునకు ఆతని వ్రేలిముద్రను పుచ్చుకొన్న సభలో, నీ పిల్లలేరీ యని ఆతనిని అడిగినవారు లేరు. అయ్యవారు అడుగలేదు, అర్చకులు అడుగలేదు, మా తాతగారును అడుగలేదు. నేనైనను పెద్దవాడనైన పిమ్మటనే ఆ ప్రశ్న వేసికొంటిని. అప్పటికి ఆ పిల్లలు నాకంటె ముందే ముసలివారైపోయిరి.

ఆనృశంస్యమను మాటను గుర్తుంచుకొనుమంటిని. కోదండము వేయుట, గోడకుర్చీ వేయించుట, తొడపాశము పెట్టుట పాతబడిలో చదువులో భాగములుగా చెల్లినవి. దూలమునుండి వ్రేలాడు త్రాటిని పట్టుకొని కాళ్ళు గాలిలో నాడుచుండ ఏడ్చిన పిల్లవాడు, మరునాడు బడికి రాక, చేలగట్లవెంట దాగుకొనుచు తిరుగును. కొన్నాళ్ళకు వానిని వెదకువారును ఉండరు. క్రౌర్యము లేకుండుటయే మనుష్యఋణమును తీర్చుటయని భారతము చెప్పుచుండగా, ఆ భారతకథనే చెప్పు బడిలో బెత్తము ఎట్లు నిలిచెనో నాకు అర్థము కాదు. ఒక బాకీని తీర్చుచు మఱియొక బాకీని పెంచుకొంటిమి.

ఋషిఋణమును తీర్చుట యెట్లో చేసి చూపినవారు మనలో లేకపోలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తిపంతులుగారు కొండలలోని సవరలకు చదువు చెప్పదలచి, మొదట తాము వారివద్ద శిష్యులైరి. లిపిలేని ఆ భాషను ఏండ్లకొలది పట్టుదలతో నేర్చి, ఆ భాషలోనే వాచకములు వ్రాసి, తమ సొంత ఖర్చుతో సవరపిల్లలకు బడులు పెట్టిరి. ఇందు నన్ను ఆకర్షించునది ఆయన త్యాగముకంటె ఆయన క్రమము. ఇచ్చుటకు పోయినవాడు ముందుగా పుచ్చుకొనెను. గోరంత చదువును కొండకు మోసికొనిపోయి దానమిచ్చితినని ఆయన తలంపలేదు. సవరల పలుకునకు తాను ఋణపడి, ఆ ఋణమును వారి పిల్లలకు అక్షరరూపమున చెల్లించినాడు. పిల్లవాని ఇంటిమాటను ఎగతాళిచేయు బడి ఏ ఊరిలోనున్నను ఆ ఊరిబడి కాజాలదు.

ఇప్పుడు బడిలో అన్నము కూడ పెట్టుచున్నారు. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28వ తేదీన ఇచ్చిన ఆజ్ఞను అనుసరించి 2003 జనవరినుండి మన రాష్ట్రమున ప్రాథమికపాఠశాలలలో మధ్యాహ్నభోజనము ఆరంభమైనది; వండునది పెక్కుచోట్ల ఊరిలోని పొదుపుసంఘముల స్త్రీలే. ఆంధ్రప్రదేశమున ఆ భోజనమునకు 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. 1841నుండి 1909వఱకు జీవించి, కోనసీమలోని లంకలగన్నవరమున గోదావరి దాటివచ్చు బాటసారులకు వేళకాని వేళలందును అన్నము పెట్టిన ఆ యిల్లాలి పేరు ఇంతకంటె తగినచోట చేరజాలదు. శతపథము చెప్పిన మనుష్యఋణము వంటశాలలోను, ఋషిఋణము తరగతిగదిలోను, ఒకే వరండాలో ప్రక్కప్రక్కన తీరుచున్నవి. మల్కాపురపు సత్రమునకును విద్యాశాలకును నడుమనుండిన గోడ ఇక్కడ కూలినది. ఒకే పంక్తిలో కూర్చుండి తినిన పిల్లలే ఒకే బల్లవంక చూచి చదువుచున్నారు. మన దేశచరిత్రలో ఇది చిన్న సంగతి కాదు; కాని పప్పు పలుచనైనదని ఫిర్యాదు చేయుటకు తప్ప పెద్దలెవరును ఆ పంక్తివంక కన్నెత్తి చూడరు. ఫిర్యాదు చేయవలసినదే, ఆ పంక్తిలో నెలకొకమాఱు కూర్చుండి తినవలెను కూడ.

విద్య హక్కుగదా, ఋణమను పాతమాట ఇంకనేలయని నవీనులు అడుగుదురు. 2002 నాటి 86వ రాజ్యాంగసవరణయు, 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టమును ఆఱునుండి పదునాలుగేండ్ల పిల్లలకెల్ల చదువును హక్కుగా చేసినవి. నేను ఆ చట్టమును శాస్త్రమువలెనే గౌరవింతును. హక్కు, ఋణము ఒకే పత్రమునకు రెండు ప్రతులు. ఒకటి రావలసినవానియొద్ద, రెండవది ఈయవలసినవానియొద్ద ఉండును. చట్టము పిల్లవాని ప్రతిని వానిచేతికిచ్చినది. మన ప్రతి ఏది? దానిని ప్రభుత్వపు బీరువాలో పెట్టి మనము మఱచితిమి. బడి సర్కారుది, జీతము సర్కారుది, కూడు సర్కారుది, మనకేమి పనియని ఊరు చేతులు కడుగుకొన్ననాడే ఊరుమ్మడియను మాటకు అర్థము పోయినది. ఆ చట్టమే బడి యాజమాన్యసంఘమున నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు ఉండవలెనని, సభ్యులలో సగముమంది స్త్రీలు కావలెనని విధించినది. ఆ సంఘము కూడినప్పుడు ఎంతమంది కూర్చుందురో, ఎంతమంది ఇంటివద్దనే సంతకములు చేసి పంపుదురో ప్రతి ఊరివారికిని తెలియును.

పిల్లలు తగ్గిరని చిన్నబడులను పెద్దబడులలో కలుపు ఆలోచన మాటిమాటికి వచ్చుచుండును. 2022లో ఆంధ్రప్రదేశమున మూడు, నాలుగు, ఐదు తరగతులను సమీపమందలి ఉన్నతపాఠశాలలకు తరలించు విధానము అమలైనప్పుడు పలు ఊళ్ళలో తల్లిదండ్రులు బడిముందు కూర్చుండి వలదనిరి; పిమ్మట ఆ విధానమును ప్రభుత్వము మార్చుకొన్నది. కలుపుదమనువారి వాదములో బలము లేదని నేననను. ఐదు తరగతులకు ఒకే అయ్యవారుండుట పిల్లలకు అన్యాయమని, ఆ తరగతులలో పెరిగినవాడనే గనుక, నాకు తెలియును. కాని దానికి మందు రెండవ అయ్యవారుగాని, బడిని ఎత్తివేయుట కాదు. ఎనిమిదేండ్ల పిల్ల నడువవలసిన దూరమును లెక్కించువారు, ఊరు తన బాకీకి ఎంత దూరమగునో లెక్కింపరు. బస్సెక్కి పొరుగూరికి పోవు పిల్లవానికి అక్కడి కుమ్మరి తెలియదు; అక్కడి కుమ్మరికి ఈ పిల్లవాడు తెలియడు. చిన్నబడిని మూయుట ధర్మము కాదు. నా తీర్పు ఇది.

ఇక మా ఊరి చిట్టా సంగతి. ఆ అప్పు మూడు పంటలలో తీరినది. రైతులు కళ్ళములలో గింజలు కొలిచి యిచ్చిరి. కాపరి వద్ద కొలుచుటకు గింజలు లేవు; అతడు తన గొఱ్ఱెలమందను గుడిమాన్యముమీద పదునాలుగు రాత్రులు కట్టి, ఎరువునకు రావలసిన గింజలను అప్పులో జమ కట్టించుకొనెను. ధ్వజస్తంభమునకు ఇత్తడి తొడుగు ఏడేండ్ల పిమ్మట వేసిరి. తాటాకు పోయి పెంకు వచ్చినది. పెంకు పోయి ఇప్పుడు కాంక్రీటు కప్పున్నది. కాపరి పిల్లల బాకీ మాత్రము ఏ చిట్టాకును ఎక్కలేదు, తీరలేదు.

పల్లెను విడిచి పట్టణములలోను, విదేశములలోను ఉన్న పాఠకులకు నాదొక ప్రార్థన. వేసవి సెలవులు ముగిసి జూన్ 12వ తేదీన బడులు తెఱచునప్పుడు, వీలైనచో, మీ ఊరి బడికి వెళ్ళుడు. కంప్యూటరును గాని, గోడకు మీ తండ్రిగారి పేరు చెక్కిన పాలఱాతిపలకను గాని వెంట తీసికొని పోవలదు. హాజరుపట్టీలో ఎంతమంది పిల్లల పేర్లున్నవో అడిగి వ్రాసికొనుడు. పిమ్మట ఊరంతయు తిరిగి, మంద దగ్గర, ఇటుకబట్టీ దగ్గర, ఊరిచివర గుడిసెల దగ్గర కూడ ఆగి, బడియీడు పిల్లలు ఎందఱున్నారో లెక్కపెట్టుడు. ఆ రెండు అంకెలను బడిసంఘపు సమావేశమున నిలుచుండి చదివి వినిపింపుడు.